నారు తక్కువ, పొలం ఎక్కువ: వెంట్రుకలు నాటించుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు



ఈ నెల వ్యాసం బట్టతల గురించి. ఆసుపత్రి పత్రికలో ఇదేం విషయం అని కొందరికి అనిపించవచ్చు. బీపీ, షుగరు గురించి రాసినప్పుడు రానన్ని ప్రశ్నలు దీని గురించి వస్తున్నాయి. ఆరాధన అయ్యాక గుడి గుమ్మం దగ్గర ఆపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగేవారే ఎక్కువ.

ఓపీకి వచ్చిన ఒక యువకుడి సంగతితో మొదలుపెడతాను. ఆయనను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. జనగామ వైపు పల్లె. వయసు ఇరవై ఆరు. టోపీ తీయకుండానే కుర్చీలో కూర్చున్నాడు. మాట్లాడింది వెంట వచ్చిన తండ్రి.

"పిల్లనిచ్చేటోళ్లు ఫోటో చూసి మళ్ల జవాబు చెప్తలేరు సార్. హైదరాబాదుల ఒక్క రోజుల ఐదు వేలు పెడ్తమన్నరు. అర ఎకరం అమ్మి కడ్దామనుకుంటున్న. మీరొక మాట చెప్పుండ్రి."

టోపీ తీయించి చూశాను. నుదుటి నుంచి నడినెత్తి మీదుగా వెనక సుడి దాకా చర్మం కనిపిస్తోంది. అది నేను ఊహించినదే. కాని వెనక భాగంలో, చెవుల పైన మిగిలిన జుట్టు కూడా పలచగా, సన్నగా ఉంది. ఆయనకు డాక్టరు భాషలో చెప్పే పని పడలేదు. "పెద్దాయనా, నాటేసే పొలం రెండెకరాలుంది, నారుమడిలో నారు అర ఎకరానికి కూడా సరిపోదు" అన్నాను. రైతు కదా, వెంటనే అర్థమైంది. "మరి ఐదు వేలు ఎక్కడికెళ్లి తెస్తరు?" అని అడిగాడు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు, ఇది బట్టతలేనా?

జుట్టు రాలిన ప్రతివారికీ బట్టతల కాదు. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు ఊడుతుంది. చాలామందిలో ఆరు నెలల్లో దానంతట అదే తిరిగి వస్తుంది. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు. పేరులో పేను ఉంది గాని పేనుకూ దానికీ సంబంధం లేదు. మన శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. దానికి వేరే మందులున్నాయి. నల్లజీడి రసం మాత్రం పూయకండి. చర్మం కాలి మచ్చ పడితే ఆ చోట ఉన్న కుదుళ్లు కూడా చచ్చిపోతాయి. ఇక థైరాయిడ్ లోపం, పిల్లల్లో తలకు పట్టే తామర వంటివి పరీక్షిస్తే తెలిసిపోతాయి. వీటిలో దేనికీ వెంట్రుకలు నాటించుకోవలసిన పని లేదు.

మగవారిలో కణతల దగ్గర, సుడి దగ్గర మొదలై ఏళ్ల తరబడి పాకేదే అసలు బట్టతల. పురుష హార్మోను నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే పదార్థం కొన్ని కుదుళ్ల మీద పనిచేసి వాటిని క్రమంగా చిన్నవిగా చేస్తుంది. లావు వెంట్రుక మొలిచిన చోట సన్నది, తర్వాత నూగు, చివరికి ఏమీ ఉండదు. ఈ గుణం వంశపారంపర్యంగా వస్తుంది. మేనమామ నుంచే వస్తుందని మన దగ్గర అంటారు గాని, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా రావచ్చు. భూపాలపల్లి గనుల్లో పనిచేసే సోదరులు తలకు పెట్టుకునే టోపీ వల్ల ఊడిందా అని అడుగుతుంటారు. కాదు. బోరు నీళ్ల వల్ల జుట్టు గరుకెక్కవచ్చు గాని ఈ రకం బట్టతల రాదు.

ఇది పాపఫలం కూడా కాదు. లేవీయకాండము 13వ అధ్యాయం చర్మరోగాల గురించి అంత కఠినంగా మాట్లాడుతూనే, జుట్టు ఊడటం మాత్రం అపవిత్రత కిందికి రాదని వేరు చేసి చెప్పింది. అయినా ఎగతాళి తప్పలేదు. బేతేలు కుర్రాళ్లు ఎలీషా ప్రవక్తను ఏమని గేలి చేశారో మీకు తెలిసినదే. కాబట్టి ఈ యువకుల బాధను తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం ఉండదు. పెళ్లి చూపుల్లో నలుగురి ముందు తల వంచుకుని కూర్చునేది వాళ్లు.

వెల్లూరు కనుబొమ్మలు

వెంట్రుకలు నాటడం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మిషన్ ఆసుపత్రుల చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. కుష్ఠు వ్యాధి ముదిరినవారిలో కనుబొమ్మలు రాలిపోతాయి. వ్యాధి నయమైనా ఆ ముఖం చూసి ఊరు వాళ్లను దగ్గరకు రానిచ్చేది కాదు. మన నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ ప్రారంభించిన కుష్ఠు ఆసుపత్రి గురించి పెద్దలు విని ఉంటారు. అటువంటి చోట్ల చికిత్స పొందినవారికి కూడా ఈ బాధే. 1946లో వెల్లూరు సీఎంసీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠు రోగుల చేతులను, పాదాలను బాగుచేయడమే కాకుండా కనుబొమ్మలు కూడా తయారుచేసి ఇచ్చారు. చెవి పైభాగంలో జుట్టున్న చర్మపు ముక్కను దాని రక్తనాళం తెగకుండా వేరుచేసి, చర్మం కిందుగా దారి చేసి, కనుబొమ్మ చోటికి తెచ్చి కుట్టేవారు.

ఆ కనుబొమ్మలు అతుక్కున్నాయి. కాని తలవెంట్రుకల్లాగే పొడుగ్గా పెరుగుతూ పోయాయి. వారానికోసారి కత్తిరించుకోవాలి. కొందరు రోగులు ఆ సంబరంలో కత్తిరించకుండా గుబురుగా పెంచుకున్నారని బ్రాండ్ గారే రాశారు.

ఇందులో అసలు సూత్రం ఉంది. వెంట్రుకను ఎక్కడికి తీసుకెళ్లి నాటినా, అది పుట్టిన చోటి గుణమే దానికి ఉంటుంది. న్యూయార్కులో డాక్టర్ నార్మన్ ఓరెంట్రీచ్ 1959లో ప్రచురించిన పరిశోధన బట్టతల విషయంలో దీన్నే రుజువు చేసింది. తల వెనక భాగంలో, చెవుల పైన ఉండే కుదుళ్లను డీహెచ్‌టీ అంతగా బాధించదు. అందుకే ఎంత ముసలివారికైనా వెనక ఒక దండలాగా జుట్టు మిగులుతుంది. అక్కడి నుంచి తీసి ముందు నాటితే ముందు కూడా నిలుస్తుంది. ఆ వెనక భాగమే మన నారుమడి. డాక్టర్లు దాన్ని డోనర్ ఏరియా అంటారు.

ఒక్క తేడా ఉంది. మన నారుమడిలో మళ్లీ విత్తనం చల్లుకోవచ్చు. ఇక్కడ పీకిన చోట మళ్లీ మొలవదు. నాటడం అంటే కొత్త వెంట్రుకను పుట్టించడం కాదు, ఉన్నదాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం. తల మీద మొత్తం వెంట్రుకల సంఖ్య ఒక్కటి కూడా పెరగదు. మన తలవెంట్రుకల లెక్క దేవునికి తెలుసునని సువార్తలో చదువుకున్నాం. సర్జను కూడా ఒకసారి కూర్చుని లెక్క వేసుకోవలసిందే.

లెక్క వేద్దాం

తలమీద వెంట్రుకలు విడివిడిగా ఉండవు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి, సగటున రెండు. నాటడానికి తీసే ఒక్కో కుదురును గ్రాఫ్టు అంటారు. బట్టతల లేనివారి తలపై ఒక చదరపు సెంటీమీటరులో సుమారు 65 నుంచి 85 కుదుళ్లు ఉంటాయి. నాటేటప్పుడు అంత ఒత్తుగా పెట్టనక్కరలేదు. 30 నుంచి 40 పెడితే చూపుకు నిండుగానే కనిపిస్తుంది, ఎందుకంటే దాదాపు సగం జుట్టు పోయేదాకా పలచబడినట్టు ఎదుటివారికి తెలియదు.

ముందు నుంచి సుడి దాకా పూర్తిగా పోయినవారిలో ఖాళీ చోటు 200 చదరపు సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 35 చొప్పున అంతా నింపాలంటే 7,000 గ్రాఫ్టులు కావాలి. వెనక జుట్టు బాగా ఉన్న మనిషి దగ్గర కూడా జీవితకాలం మొత్తంలో, వెనక భాగం చెడిపోకుండా తీయగలిగేది సాధారణంగా 4,000 నుంచి 6,000 మాత్రమే. వెనక పలచగా ఉన్నవారి దగ్గర అందులో సగం కూడా దొరకకపోవచ్చు. మొదట చెప్పిన యువకుడు ఈ కోవకు చెందినవాడు.

బలవంతంగా ఐదు వేలు తీస్తే? తీయవచ్చు. వెనక భాగం చిమ్మటలు కొట్టిన ఉన్ని దుప్పటిలా అవుతుంది. పైగా రక్షణ ఉన్న భాగం దాటి పక్కల నుంచి, మెడ దగ్గర నుంచి తీసిన వెంట్రుకలు ఎక్కడ నాటినా కొన్నేళ్లకు రాలిపోతాయి. నారే చీడ పట్టినదైతే పొలం మార్చి లాభమేముంది?

ఇంకో మెలిక. ప్రకటనల్లో కొందరు వెంట్రుకల సంఖ్య చెబుతారు, కొందరు గ్రాఫ్టుల సంఖ్య చెబుతారు. 5,000 వెంట్రుకలంటే సుమారు 2,500 గ్రాఫ్టులే. బిల్లు మాత్రం గ్రాఫ్టుల లెక్కన వేసేవారుంటారు. ఎంత ఎక్కువ చెబితే అంత బిల్లు కాబట్టి ఆ సంఖ్య ఎవరు, దేన్ని చూసి చెప్పారో అడగండి. ఫోటో చూసి వాట్సాప్‌లో చెప్పిన అంకెకు విలువ లేదు.

ఎవరిది తక్కువ నారు?

కొందరికి పుట్టుకతోనే వెనక జుట్టు పలచన. కొందరికి సంఖ్య ఉన్నా వెంట్రుక మరీ సన్నగా ఉంటుంది. వెంట్రుక మందం రెట్టింపైతే అది ఇచ్చే నిండుదనం నాలుగు రెట్లు, కాబట్టి లావు వెంట్రుకలున్న మనిషికి తక్కువ గ్రాఫ్టులతోనే పని జరుగుతుంది. కొందరికి ముందే ఎక్కడో చేయించుకుని వెనకంతా ఖాళీ చేసుకున్న పరిస్థితి. కాలిన మచ్చలున్నవారు కూడా ఈ జాబితాలోకే వస్తారు.

అన్నిటికంటే జాగ్రత్తపడవలసింది, తలంతా వెనక భాగంతో సహా ఒకే తీరున పలచబడే రకం. వీరిలో రక్షణ ఉన్న భాగమంటూ లేదు. వీరికి నాటడం అసలు పనికిరాదు. మామూలు కంటికి ఇది తెలియదు. చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే డెర్మోస్కోప్ అనే చిన్న పరికరంతో వెనక భాగం చూడాలి. అక్కడ ఐదో వంతుకు మించి వెంట్రుకలు సన్నబడిపోయి ఉంటే జాగ్రత్తగల సర్జన్లు కత్తి ముట్టరు. ఐదు నిమిషాల పరీక్ష ఇది. మీరు వెళ్లిన చోట ఇది చేయకుండానే అడ్వాన్సు అడిగితే లేచి వచ్చేయండి.

వయసు కూడా చూడాలి. ఇరవై రెండేళ్లకు బట్టతల ఎంతవరకు పాకుతుందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు ఉన్న నారంతా నుదుటి దగ్గర పోసేస్తే, నలభై ఏళ్లకు ముందు ఒక గుబురు, దాని వెనక మైదానం. తండ్రి, పెదనాన్న, మేనమామల తలలు చూసి కొంత అంచనా వేయవచ్చు.

ఉన్న కొంచెంతో ఏం చేయవచ్చు?

మొదటి మార్గం, మొత్తం నింపాలనే ఆశ వదిలి ముందు భాగం మాత్రం చేయించుకోవడం. ఎదుటివారు చూసేది మన ముఖాన్ని. ముఖానికి చట్రం ముందు జుట్టు. నుదుటి నుంచి వెనక్కి మూడో వంతు భాగంలో 1,500 నుంచి 2,000 గ్రాఫ్టులు పద్ధతిగా నాటితే మనిషి తీరే మారుతుంది. నుదుటి గీతను పదహారేళ్ల కుర్రవాడికి ఉన్నంత కిందికి దింపమని అడగకండి. కొంచెం పైకి, కణతల దగ్గర కొంచెం లోపలికి ఉన్న గీత నారును ఆదా చేస్తుంది, అరవై ఏళ్లప్పుడు కూడా ఎబ్బెట్టుగా ఉండదు. సుడిని వదిలేయండి. సుడి దగ్గర జుట్టు గుండ్రంగా నాలుగు వైపులకూ పరుచుకుంటుంది కాబట్టి ఒకదానిమీద ఒకటి పడదు. ఎన్ని పోసినా ఇసుక నేలలో నీళ్లలా ఇంకిపోతాయి.

రెండో సంగతి, తీసే పద్ధతి. రెండు రకాలున్నాయి. తల వెనక నుంచి సన్నని పొడవాటి చర్మపు పట్టీ కోసి, కుట్లు వేసి, ఆ పట్టీలోని కుదుళ్లను భూతద్దం కింద విడదీయడం ఎఫ్‌యూటీ. సుమారు ఒక మిల్లీమీటరు గొట్టంతో ఒక్కొక్క కుదురునూ విడిగా తీయడం ఎఫ్‌యూఈ. ఇది 2002 తర్వాత బాగా వ్యాప్తిలోకి వచ్చింది. కుట్లు లేవు, గీతలాంటి మచ్చ లేదు అని అందరూ దీన్నే కోరుకుంటున్నారు. కాని నారు తక్కువ ఉన్నవారి విషయంలో పాత పద్ధతిని కొట్టిపారేయకూడదు. పట్టీ పద్ధతిలో చుట్టుపక్కల జుట్టు ఒత్తుదనం తగ్గదు. ముందు పట్టీ తీసి, తర్వాత ఎప్పుడైనా అవసరమైతే విడివిడిగా తీస్తే మొత్తం మీద ఎక్కువ గ్రాఫ్టులు దొరుకుతాయి. వెనక జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకోకపోతే ఆ గీత కనబడదు.

మూడోది గడ్డం. మన మగవారిలో చాలామందికి తల ఖాళీ అయినా గడ్డం గుబురుగా ఉంటుంది. దవడ కింద, మెడ పైభాగంలో ఉన్న గడ్డపు వెంట్రుకలను ఒక్కొక్కటిగా తీసి తలమీద నాటవచ్చు. దట్టమైన గడ్డం ఉన్నవారిలో వెయ్యి, రెండు వేల దాకా దొరకవచ్చు. ఇవి తలవెంట్రుక కంటే లావు, బాగానే బతుకుతాయి. లావుగా గరుకుగా ఉంటాయి కాబట్టి నుదుటి గీత దగ్గర పెడితే పీచులా కనిపిస్తాయి. నడినెత్తిలో తలవెంట్రుకల మధ్య కలిపి నాటితే కలిసిపోతాయి. తీసిన చోట చిన్న తెల్ల చుక్కలు పడవచ్చు. గాయమైతే మచ్చ ఉబ్బి గట్టిపడే గుణం ఉన్నవారు గడ్డం జోలికి పోకూడదు. ఛాతీ వెంట్రుకలు కూడా వాడతారు గాని అవి పొట్టిగానే పెరుగుతాయి, ఎన్ని బతుకుతాయో నమ్మకంగా చెప్పలేం. దాన్ని నేను చివరి మార్గంగానే చూస్తాను.

"నా జుట్టు తీసి నా తమ్మునికి పెట్టరాదా?" అని ఒక అన్న అడిగాడు. ప్రేమగల ప్రశ్న. కవల పిల్లలు, అదీ అచ్చంగా ఒకే పోలికవారు తప్ప, వేరేవారి వెంట్రుకను శరీరం తిప్పికొడుతుంది. కిడ్నీ మార్చినవారికి ఇచ్చేలాంటి మందులు జీవితాంతం వాడాలి. జుట్టు కోసం అంత ప్రమాదం ఎవరూ సిఫారసు చేయరు. ప్లాస్టిక్ దారాల వంటి కృత్రిమ వెంట్రుకలను తలలో గుచ్చడాన్ని, ఇన్‌ఫెక్షన్ల కారణంగా, అమెరికా ప్రభుత్వం 1983లోనే నిషేధించింది. ఒక కుదురు నుంచి వంద కుదుళ్లు ప్రయోగశాలలో పెంచే విద్య మీద పరిశోధన జరుగుతోంది గాని వైద్యంగా ఇంకా రాలేదు. వచ్చిందని ఎవరైనా చెబితే నమ్మకండి. మన రక్తాన్నే తిప్పి తలలోకి ఎక్కించే పీఆర్‌పీ సన్నబడిన వెంట్రుకకు కొందరిలో కొంత ఊతమిస్తుంది. నున్నటి తలమీద జుట్టు మొలిపించదు.

మందుల మాట

నారు తక్కువ ఉన్నవారికి మందులే ముఖ్యం అంటాను. పొలంలో ఇంకా నిలిచి ఉన్న పైరును కాపాడుకుంటే నాటవలసిన చోటు తగ్గుతుంది కదా. పైగా నాటించుకుని మందు మానేస్తే, నాటినవి నిలిచి, వాటి మధ్య ఉన్న సొంత వెంట్రుకలు రాలిపోయి తల అతుకుల బొంత అవుతుంది.

మినాక్సిడిల్ ద్రావణం, 5 శాతం, రోజుకు రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు తలచర్మానికి రాయాలి, జుట్టుకు కాదు. మొదటి నెలలో ఇంకాస్త ఎక్కువ రాలుతుంది. భయపడి మానేసేవారే ఎక్కువమంది. నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. ఆపేస్తే వచ్చిన లాభం కొన్ని నెలల్లో పోతుంది.

ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర డీహెచ్‌టీని తగ్గిస్తుంది. 1997 నుంచి బట్టతలకు వాడుకలో ఉంది. బాగా పనిచేసే మందు, కాని దుకాణంలో అడిగి కొనుక్కునే మందు కాదు. కొద్దిమందిలో లైంగిక కోరిక, సామర్థ్యం తగ్గవచ్చు. మనసు కుంగిపోవడం, చనిపోవాలనే ఆలోచనలు రావడం కూడా దీని దుష్ఫలితాలేనని ఐరోపా మందుల సంస్థ 2025లో నిర్ధారించింది. ఇంట్లోవారు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. అబ్బాయి ఉన్నట్టుండి ముభావంగా మారితే మాత్ర ఆపించి డాక్టరు దగ్గరికి తీసుకురండి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న దంపతులు కూడా ముందే డాక్టరుకు చెప్పాలి. గర్భిణులు విరిగిన, పొడి అయిన మాత్రను చేతితో ముట్టకూడదు. లోపలి మగశిశువుకు హాని. ఈ మాత్ర వేసుకునేవారు రక్తదానం చేయాలంటే ఆపిన తర్వాత నెల రోజులు ఆగాలి. యాభై దాటినవారు ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ పరీక్ష చేయించుకుంటే ఈ మాత్ర సంగతి తప్పక చెప్పండి. ఇది ఆ అంకెను సుమారు సగానికి తగ్గించి చూపుతుంది, అసలు జబ్బు దాగిపోతుంది.

ఒక ఏడాది మందు వాడాకే నాటడం గురించి నిర్ణయించుకోమని నేను చెబుతాను. ఆ ఏడాదిలో కొందరికి ఆపరేషను అవసరమే తప్పిపోతుంది.

కత్తి లేని దారులు

తలచర్మం మీద సన్నటి చుక్కలుగా రంగు గుచ్చి, ఒత్తుగా ఉన్నట్టు లేదా దగ్గరగా క్షౌరం చేసినట్టు కనిపించేలా చేసే పద్ధతి ఒకటుంది. పచ్చబొట్టు లాంటిదే. వెనక భాగంలో మచ్చలు పడినవారికి బాగా పనికొస్తుంది. కొన్నేళ్లకు వెలిసిపోతుంది, మళ్లీ వేయించాలి. సూదులు శుభ్రంగా ఉండాలి. విగ్గు అనగానే పాత నాటకాల విగ్గు గుర్తుకు వస్తుంది గాని ఇప్పుడు మంచివి దొరుకుతున్నాయి. మన ఎండకు లోపల చెమట, దురద ఉంటాయి, తీసి కడుక్కోవాలి. ఎండలో మిరప తోటల్లో పనిచేసే మహబూబాబాద్ రైతుకు ఇది కష్టమే.

నున్నగా గీయించుకోవడం కూడా ఒక మార్గమే. ఖర్చు తక్కువ, దాచవలసిందేమీ ఉండదు. మా సిబ్బందిలో ఒకాయన ఇరవై ఏళ్లుగా అలాగే ఉన్నారు. ఆయనకు జుట్టుండేదని చాలామందికి తెలియదు కూడా.

ఎవరి చేతిలో పెడుతున్నారు?

2016 మే నెలలో చెన్నైలో ఎంబీబీఎస్ చివరి సంవత్సరం చదువుతున్న 22 ఏళ్ల విద్యార్థి వెంట్రుకలు నాటించుకోవడానికి వెళ్లి, మధ్యలో పరిస్థితి విషమించి, వెల్లూరు సీఎంసీకి తరలించినా బతకలేదు. వైద్యం చదువుతున్న పిల్లవాడే అలా మోసపోయాడంటే మన పల్లె కుర్రవాళ్లకు ఏం తెలుస్తుంది? గంటల తరబడి సాగే పని ఇది. మత్తుమందు తలచర్మంలోకి విడతలు విడతలుగా ఎక్కిస్తారు. శరీరం బరువును బట్టి దానికొక హద్దు ఉంటుంది. ఒకే రోజు వేల గ్రాఫ్టులు అనే తొందరలో ఆ హద్దు దాటితే ఫిట్సు రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అప్పుడు ఆక్సిజన్, మందులు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు అదే గదిలో ఉండాలి.

2022 సెప్టెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. శస్త్రచికిత్సలో క్రమబద్ధమైన శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టర్లే, అంటే ముఖ్యంగా ప్లాస్టిక్ సర్జన్లు, చర్మవైద్య నిపుణులు, అత్యవసర చికిత్స సదుపాయం ఉన్నచోటే ఇది చేయాలని, వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన శిక్షణ అయినట్టు కాదని అందులో ఉంది. కాబట్టి వెళ్లినచోట అడగడానికి మొహమాటపడకండి. కోసేది, రంధ్రాలు పెట్టేది డాక్టరా, టెక్నీషియనా? డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? నా వెనక భాగంలో మొత్తం ఎన్ని ఉన్నాయి, మీరు తీసిన తర్వాత ఎన్ని మిగులుతాయి? ఈ చివరి ప్రశ్నకు కాగితం మీద జవాబు రాయించుకోండి.

షుగరు, బీపీ అదుపులో లేనివారు, రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి. ఆ మాత్రలను మీ అంతట మీరు ఆపకండి. సిగరెట్టు, బీడీ తాగితే నాటిన కుదుళ్లకు రక్తం సరిగా అందదు. ఆరోగ్యశ్రీ దీనికి వర్తించదు, ఖర్చంతా మీ జేబులోదే.

పెళ్లి తేదీ పెట్టుకుని వచ్చేవారికి ఒక మాట. నాటిన వెంట్రుకలు రెండు నుంచి ఆరు వారాల్లో రాలిపోతాయి. కంగారుపడకండి, కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలక వస్తుంది, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. వచ్చే నెలలో పెళ్లి పెట్టుకుని ఈ నెలలో నాటించుకుంటే ఫోటోల్లో ముందుకంటే అధ్వాన్నంగా ఉంటారు.

మొదటి పరీక్షకు హైదరాబాదు దాకా పోనక్కరలేదు. మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. అనుబంధ ఆసుపత్రిలో చర్మవైద్యులను కలిసి, ఇది ఏ రకం జుట్టు రాలడమో, వెనక భాగం ఎంత గట్టిగా ఉందో ముందు తేల్చుకోండి. మా ఓపీకి వచ్చినా చూస్తాం, కాని మేము నాటము.

ఆ తండ్రీకొడుకులకు రాసిచ్చింది కూడా ఇదే. అబ్బాయి మందు మొదలుపెట్టాడు. మూడు నెలలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో, తల తడి లేకుండా పైనుంచి, వెనకనుంచి ఫోటోలు తీసుకుని రమ్మన్నాను. రెండోసారి వచ్చినప్పుడు టోపీ బయటే తీసి లోపలికి వచ్చాడు. ఫోటోలో పెద్ద తేడా ఏమీ లేదు, కాని ఇంకా ఊడలేదు. గడ్డం మాత్రం బాగా ఒత్తుగా ఉంది, దవడ కింద కూడా. ఏడాది నిండాక వెనక భాగం మళ్లీ పరికరంతో చూసి, ముందు భాగానికి మాత్రం చేయించుకోవచ్చేమో అప్పుడు చెబుతానన్నాను. అర ఎకరంలో ఈసారి పత్తి వేశామని తండ్రి చెప్పాడు.